తాళంచెవి ఎవరి దగ్గరుంది?

మెయిల్ ఎన్‌క్రిప్షన్, డిజిటల్ సంతకాల మీద పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి జవాబులకు బెజవాడ, గుంటూరు పాఠకులు అడిగినవే తీసుకున్నాం. ప్రశ్నలన్నిట్లో రెండు సంగతులు కలగాపులగం అవుతున్నాయి కాబట్టి ముందే విడదీద్దాం. ఎన్‌క్రిప్షన్ పని, చూడకూడనివాళ్లు చదవకుండా ఆపడం. సంతకం పని, రాసింది ఫలానావాళ్లేనని, దారిలో అక్షరం మారలేదని తేల్చడం. ఒకటి ఉందంటే రెండోదీ ఉన్నట్టు కాదు. రెండూ నడిచేది మాత్రం ఒకే ఏర్పాటు మీద: పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ అనే జత. మొదటిది ఊరందరికీ ఇవ్వొచ్చు. రెండోది మన చెయ్యి దాటకూడదు.

ప్రశ్న: ఎండుమిర్చి, కారం ఎగుమతి చేస్తుంటాం. 'మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి' అని మా పేరుతో విదేశీ బయ్యరుకు మెయిల్ వెళ్లింది. ఆయన ఫోన్ చేసి కనుక్కున్నాడు కాబట్టి బతికిపోయాం. మేం పంపిన మెయిల్ మేమే పంపామని వాళ్లకు తెలిసేదెలా? (మిర్చి ఎగుమతిదారు, గుంటూరు)

ముందు ఆ మెయిల్ ఎక్కడ పుట్టిందో తేలాలి. దాన్ని మీకు ఫార్వర్డ్ చేయమని బయ్యరును అడగకండి. ఫార్వర్డ్ చేస్తే పైనుండే అసలు హెడర్లు, అంటే మెయిల్ ఎక్కణ్నుంచి ఏ దారిలో వచ్చిందో చెప్పే వివరాలు, రావు. మెసేజీని ఫైలుగా డౌన్‌లోడ్ చేసి, ఆ ఫైలును జతచేసి పంపమనండి. ఆయనది జీమెయిల్ అయితే మెసేజీ పక్క మూడు చుక్కల్లో 'షో ఒరిజినల్' ఉంటుంది. అది నొక్కితే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే వరుసలు (మెయిల్ నిజంగా ఆ అడ్రసు నుంచే వచ్చిందా అన్న పరీక్షలు), వాటి పక్కన పాస్ లేదా ఫెయిల్ కనిపిస్తాయి.

ఇక్కడ మూడు దారులున్నాయి. అడ్రసే వేరేది కావచ్చు: మీ పేరులో 'ఎం' ఉన్నచోట దొంగ 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెడతాడు, చిన్న తెరమీద రెండూ ఒకేలా కనిపిస్తాయి. అడ్రసు అచ్చంగా మీదే అయి, వరుసల్లో ఫెయిల్ అని ఉంటే మీ పేరు వాడుకున్నారంతే, మీ పెట్టెలోకి ఎవరూ రాలేదు. అడ్రసు మీదే, అన్నీ పాసే అయితే మాత్రం దొంగ మీ మెయిల్‌బాక్సులో కూర్చుని ఉన్నాడు. అప్పుడు పాస్‌వర్డ్ మార్చి, రెండంచెల లాగిన్ పెట్టి, అక్కడితో ఆగిపోవద్దు. సెట్టింగ్స్‌లో 'ఫార్వర్డింగ్', 'ఫిల్టర్స్' రెండూ తెరిచి చూడండి. బయ్యరు నుంచి వచ్చే జవాబులు మీ కంటపడకుండా నేరుగా ట్రాష్‌లోకి పోయేలా ఫిల్టరు పెట్టి ఉంచడం ఈ మోసంలో మామూలే. పాస్‌వర్డ్ మార్చినా ఆ ఫిల్టరు అలాగే ఉండిపోతుంది.

వ్యాపారానికి ఇంకా ఉచిత జీమెయిల్ అడ్రసే వాడుతుంటే ముందు సొంత డొమైన్ (అడ్రసులో @ తర్వాత వచ్చే పేరు) తీసుకోండి. డీకిమ్ అనేది డొమైన్ వేసే సంతకం, మనిషి వేసేది కాదు. మీ ఉచిత అడ్రసు మీద ఉండేది గూగుల్ సంతకమే. మీ అడ్రసును పోలిన మరో అడ్రసు ఎవడు తెరిచినా దానిమీదా అదే సంతకం ఉంటుంది. సొంత డొమైన్ ఉంటే, మీకు మెయిల్ సర్వీసు ఇచ్చేవాళ్లు చెప్పిన ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో మెయిల్ పంపదగ్గ సర్వర్ల జాబితా), డీకిమ్ రికార్డులను డీఎన్‌ఎస్‌లో, అంటే మీ డొమైన్ వివరాలు అందరికీ చూపే పట్టికలో, పెట్టాలి. ఎక్కువమంది తప్పుచేసే చోటొకటుంది. పాత ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండగా ఇంకోటి కొత్తగా చేరుస్తారు. ఒక డొమైన్‌కు ఒకే ఎస్‌పీఎఫ్ రికార్డు ఉండాలి. రెండుంటే రెండూ చెల్లవు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, వెబ్‌సైటు కూడా మీ పేరుతో మెయిల్ పంపుతుంటే వాటినీ ఆ ఒక్క రికార్డులోనే ఇరికించాలి. అందులో డీఎన్‌ఎస్‌ను వెతికించే మాటలు 10 దాటకూడదు. తర్వాత, పరీక్షలో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పే డీమార్క్‌ను మొదట 'నన్' (ఏమీ చేయొద్దు) అని పెట్టి, కొన్ని వారాలు రిపోర్టులు చూసి, మీ అసలు మెయిళ్లన్నీ పాస్ అవుతున్నాయని రూఢి అయ్యాక 'క్వారంటైన్' (స్పామ్‌లో వేయి), చివరికి 'రిజెక్ట్' (తిప్పికొట్టు) అనండి. తొందరపడి మొదటిరోజే రిజెక్ట్ పెడితే మీ ఇన్‌వాయిస్‌లే బయ్యరుకు చేరవు.

ఇక అసలు సంతకం. ఐస్‌గేట్ (కస్టమ్స్ పోర్టల్) పనికోసం మీ దగ్గర క్లాస్ 3 టోకెన్, అంటే మీ సర్టిఫికెట్, ప్రైవేట్ కీ ఉండే పెన్‌డ్రైవులాంటి పరికరం, ఈపాటికే ఉండి ఉంటుంది. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పీడీఎఫ్‌ను దానితోనే సంతకం చేసి పంపండి. అడోబీ రీడర్‌లో సర్టిఫికెట్‌తో సంతకం చేసే టూల్ తెరిచి, సంతకం పడాల్సిన చోట పెట్టె గీసి, మీ పేరున్న సర్టిఫికెట్ ఎంచుకుని, పిన్ కొడితే అయిపోతుంది. ఆ తర్వాత ఎవరైనా ఖాతా నంబరులో ఒక్క అంకె మార్చినా సంతకం దగ్గర తేడా తెలిసిపోతుంది. బయ్యరు కంప్యూటరు మన దేశపు మూల సర్టిఫికెట్‌ను (మిగతా సర్టిఫికెట్లకు ఆధారమైనదాన్ని) నమ్మకపోవచ్చు కాబట్టి మొదటిసారి పసుపు ప్రశ్నార్థకం చూపే అవకాశం ఉంది. మీ సర్టిఫికెట్ వేలిముద్రను, అంటే ఫింగర్‌ప్రింట్ అనే పొడవాటి అంకెలు, అక్షరాల వరుసను, ఫోన్లో ఒకసారి చదివి సరిచూసుకోమనండి. ఆ తర్వాత ఆయన దాన్ని నమ్మిన జాబితాలో చేర్చుకుంటే ఇక ప్రతిసారీ పచ్చటిక్కే.

ఇవన్నీ చేసినా, ఖాతా మార్పు మెయిల్ మీద ఒప్పుకోమని, ఫోన్లో ఖరారు చేసుకుంటేనే చెల్లుతుందని ఒప్పంద పత్రంలోనే రాసుకోండి. ఆ ఫోన్ కూడా పాత నంబరుకే చేయాలి, వచ్చిన మెయిల్లో ఉన్న నంబరుకు కాదు. మన దేశంలో డబ్బు పోయిన సందర్భమైతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ప్రశ్న: ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేస్తే సంతకం దగ్గర పసుపు ప్రశ్నార్థకం వస్తోంది. మీసేవలో ప్రింటు తీయించాను, దానిమీదా అదే పడింది. నకిలీదా? పాస్‌వర్డ్ కూడా మూడుసార్లు తప్పన్నది. (విశ్రాంత ఉపాధ్యాయుడు, సత్యనారాయణపురం, విజయవాడ)

నకిలీ కాదండీ. ఆ సంతకం ఎవరిదో చదవగలిగాను, వాళ్లను నమ్మాలో లేదో నాకెవరూ చెప్పలేదు అని మీ అడోబీ రీడర్ అంటోందంతే.

పాస్‌వర్డ్ సంగతి ముందు చూద్దాం. ఆధార్‌లో ఉన్న పేరులోని మొదటి 4 ఇంగ్లిషు అక్షరాలు పెద్దబడిలో, వాటి వెంటే పుట్టిన సంవత్సరం. మన ఇంటిపేర్ల దగ్గర తంటా వస్తుంది. కార్డు మీద పేరు 'పి. కుమార్' అని ఉంటే మొదటి నాలుగు పి, చుక్క, కె, యు అవుతాయి. చుక్కను లెక్కపెట్టాలి, ఖాళీని లెక్కపెట్టకూడదు. మీ పేరులో ఇంటిపేరు ముందుందో వెనకుందో కార్డు చూసి కొట్టండి.

పచ్చటిక్కు రావాలంటే ఫైలును బ్రౌజరులో కాకుండా కంప్యూటరులో అడోబీ రీడర్‌లో తెరవాలి. సంతకం మీద నొక్కి 'సిగ్నేచర్ ప్రాపర్టీస్', అందులో 'షో సైనర్స్ సర్టిఫికెట్'. ఎడమవైపు మెట్లుమెట్లుగా పేర్లు కనిపిస్తాయి. అన్నిటికంటే పైన ఉన్నది 'సీసీఏ ఇండియా' అని మొదలవుతుంది. సర్టిఫికెట్లు ఇచ్చే సంస్థల (సర్టిఫయింగ్ అథారిటీల) మీద ఉండే ప్రభుత్వ నియంత్రణాధికారి మూల సర్టిఫికెట్ అది. దాన్ని ఎంచుకుని 'ట్రస్ట్' ట్యాబులో 'యాడ్ టు ట్రస్టెడ్ సర్టిఫికెట్స్' నొక్కి, నమ్మకమైన రూట్‌గా వాడమనే గడిలో టిక్కు పెట్టి, ఓకే కొట్టుకుంటూ వెనక్కి వచ్చి 'వ్యాలిడేట్ సిగ్నేచర్' అనండి.

ఒక్క మెలిక ఉంది, చాలా చోట్ల ఎవరూ చెప్పనిది. నకిలీ కాయితం తయారుచేసేవాడు కూడా 'సీసీఏ ఇండియా' అని పేరుపెట్టి సొంత సర్టిఫికెట్ పుట్టించుకోగలడు. మీరు చూడకుండా ట్రస్ట్ నొక్కితే ఆ నకిలీకీ పచ్చటిక్కు వస్తుంది. కాబట్టి నొక్కేముందు 'డీటెయిల్స్'లో ఉన్న ఫింగర్‌ప్రింట్‌ను, సీసీఏ వెబ్‌సైటు నుంచి మీరే దించుకున్న మూల సర్టిఫికెట్ ఫింగర్‌ప్రింట్‌తో పోల్చి చూడండి. ఒక్కసారి చేస్తే చాలు.

ప్రింటు మీద ఉన్నది సంతకం బొమ్మే. డిజిటల్ సంతకం ఫైలులో ఉంటుంది, కాయితం మీదికి రాదు. ప్రశ్నార్థకంతో ప్రింటు తీసినా, పచ్చటిక్కుతో తీసినా కాయితానికి కలిసొచ్చేదేమీ లేదు.

ప్రశ్న: కంపెనీ డైరెక్టరుగా నాకు డీఎస్‌సీ ఉంది. టోకెన్, పిన్ రెండూ ఆడిటరుగారి ఆఫీసులోనే ఉండేవి. ఇప్పుడు తెచ్చుకుంటే పిన్ ఎవరికీ గుర్తులేదు. తెరిచే ఉపాయం ఏదైనా ఉందా? (ఆటోనగర్, విజయవాడ)

మన దగ్గర డీఎస్‌సీ అనగానే టీచరు పోస్టుల పరీక్ష అనుకునేవాళ్లే ఎక్కువ కాబట్టి చెబుతున్నాం: ఇది డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. 2021 జనవరి 1 నుంచి క్లాస్ 2 ఇవ్వడం ఆపేశారు, ఇప్పుడంతా క్లాస్ 3.

పిన్ పోతే ఉపాయం లేదు. టోకెన్ చేయాల్సిన పనే అది. కొన్నిసార్లు తప్పు కొడితే తాళం పడిపోతుంది. ఇంకా ఎన్ని ప్రయత్నాలు మిగిలాయో టోకెన్ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది, ఊహించి కొట్టేముందు అది చూడండి. పడిపోయాక మిగిలేది 'ఇనీషియలైజ్' చేయడమే. దాంతో టోకెన్ మళ్లీ వాడకానికి వస్తుంది గానీ లోపలి సర్టిఫికెట్, కీ రెండూ చెరిగిపోతాయి. కొత్త సర్టిఫికెట్ కొనాలి. టోకెన్ పాతదే వాడుకోవచ్చు.

చెరిపేముందు ఒకటి కనుక్కోండి. మీది సంతకం సర్టిఫికెట్ ఒక్కటేనా, టెండర్ల కోసం తీసుకున్న ఎన్‌క్రిప్షన్ సర్టిఫికెట్ కూడా ఉందా? సంతకం కీ పోతే పెద్ద నష్టం లేదు, పాత సంతకాలు అలాగే చెల్లుతాయి, కొత్తవాటికి కొత్త కీ. ఎన్‌క్రిప్షన్ కీ పోతే దానితో మూసిన పాత ఫైళ్లు ఇక తెరుచుకోవు.

టోకెన్, పిన్ కలిపి ఒకే డ్రాయరులో ఉంచడం గురించి గట్టిగానే చెప్పాలి. గవర్నర్‌పేటలో ఏ ఆడిట్ ఆఫీసు చూసినా ఇదే తంతు అని మీరనొచ్చు. ఐటీ చట్టం 2000లో 42వ సెక్షన్ ప్రకారం ప్రైవేట్ కీని జాగ్రత్తగా తన అదుపులో ఉంచుకోవాల్సిన బాధ్యత సర్టిఫికెట్ పుచ్చుకున్నవాడిది, అంటే మీది. ఆడిటరుగారు ఎంత మంచివారైనా, ఆ ఆఫీసులో మూడునెలలకోసారి మారే కుర్రాడు మీ పేరుతో ఏది సంతకం చేసినా కాయితం మీద సంతకం మీదే. ఫైలింగ్ రోజున మీరే వెళ్లి పిన్ కొట్టి, టోకెన్ జేబులో వేసుకుని రండి. కుదరనప్పుడు టోకెన్ అక్కడ ఉంచి, పిన్ మాత్రం మీ దగ్గరే పెట్టుకుని దూరం నుంచి స్క్రీన్ పంచుకునే సాఫ్ట్‌వేర్‌లో మీరే కొట్టడం రెండోరకం మార్గం. ఎక్కడైనా పోగొట్టుకుంటే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు వెంటనే చెప్పి రద్దు చేయించండి.

ఏడాదికి ఒకటో రెండో సంతకాలు పెట్టేవాళ్లకు టోకెనే అక్కర్లేదు. ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు వచ్చే ఓటీపీతో ఈ-సైన్ చేయవచ్చు, ఎదుటి పోర్టల్ ఒప్పుకుంటే. ఆ సర్టిఫికెట్ ఆయుష్షు 30 నిమిషాలే. కీ అప్పటికప్పుడు పుట్టి, సంతకం వేసి, చెరిగిపోతుంది. పోగొట్టుకోవడానికి చేతిలో ఏమీ ఉండదు. మామూలు జనానికి ఇంతకంటే తేలికైన ఏర్పాటు ఇప్పటికి మరోటి కనిపించలేదు. ఏ డిజిటల్ సంతకమైనా వీలునామాకు మాత్రం చెల్లదు, దానికి పెన్నూ సాక్షులూ కావాల్సిందే.

సంతకం చేశాక ఫైలు పాడయ్యే తీరు కూడా రాసుకోండి. సైజు తగ్గించడానికి ఏదో వెబ్‌సైటులో పెట్టినా, రెండు పీడీఎఫ్‌లు కలిపినా, 'ప్రింట్ టు పీడీఎఫ్' చేసినా సంతకం పోతుంది, బొమ్మ మాత్రం మిగులుతుంది. కలపడాలు, తగ్గించడాలు అన్నీ సంతకానికి ముందే. ఇద్దరు డైరెక్టర్లు సంతకం చేయాల్సినచోట మొదటివారు 'లాక్ డాక్యుమెంట్' గడిలో టిక్కు పెట్టకూడదు. వాట్సాప్‌లో పంపాల్సివస్తే డాక్యుమెంటుగా పంపండి, స్క్రీన్‌షాట్‌గా కాదు.

ప్రశ్న: మా డయాగ్నస్టిక్ సెంటరు నుంచి పేషెంట్లకు రిపోర్టులు మెయిల్ చేస్తాం. పాస్‌వర్డుగా వాళ్ల పుట్టినతేదీ పెడుతున్నాం. సరిపోతుందా? (కొత్తపేట, గుంటూరు)

సరిపోదు. నూరేళ్లలో పుట్టినతేదీలు సుమారు 36,500. అన్నీ వరసగా కొట్టి చూడటం కంప్యూటరుకు క్షణాల పని. పైగా పేషెంటు రిపోర్టు చూడాలని ఉబలాటపడేది చుట్టాలూ పక్కింటివాళ్లే, వాళ్లకు పుట్టినరోజు తెలిసే ఉంటుంది. ఫోను నంబరూ అంతే.

మీ దగ్గర ఓ సౌకర్యం ఉంది, దాన్ని వాడుకోండి. కౌంటరులో రసీదు ఎటూ ఇస్తారు. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేత ప్రతి రసీదు మీదా 10 అక్షరాల కోడు ఒకటి, వరసలో కాకుండా ఇష్టమొచ్చినట్టు పుట్టేలా, అచ్చువేయించండి. సున్నా, ఇంగ్లిషు 'ఓ', ఒకటి, చిన్నబడి 'ఎల్' లేకుండా చూడాలి, లేకపోతే రోజంతా ఫోన్లే. ఆ కోడే పీడీఎఫ్ తెరిచే పాస్‌వర్డ్. ఫైలు మెయిల్లో వెళ్తుంది, తాళంచెవి చేతికి వెళ్తుంది. రిసెప్షన్‌లో మెయిల్ అడ్రసు ఒక అక్షరం తప్పు కొట్టినా రిపోర్టు బయటపడదు. నిజానికి ల్యాబుల్లో ఎక్కువగా జరిగే పొరపాటు అదే, హ్యాకింగ్ కాదు. పాస్‌వర్డును అదే మెయిల్లోనో, వెంటనే మరో మెయిల్లోనో పంపితే తాళం వేసి చెవి గుమ్మానికే తగిలించినట్టు.

ఫైలుకు తాళం వేసినా సబ్జెక్టుకు వేయలేం. సబ్జెక్టులో, ఫైలు పేరులో పరీక్ష పేరు రాయకండి, బిల్లు నంబరు చాలు. లిబ్రేఆఫీసులో చేస్తున్నవాళ్లకు 'ఎక్స్‌పోర్ట్ యాజ్ పీడీఎఫ్'లో 'సెక్యూరిటీ' ట్యాబులో తెరిచే పాస్‌వర్డ్ పెట్టే వీలుంది. ఆ పక్కనే మార్పులను, ప్రింటింగును ఆపే పాస్‌వర్డ్ ఉంటుంది. అది చదవడాన్ని ఆపదు, దాన్ని చూసి మోసపోవద్దు.

డాక్టర్లకు ఒకేసారి చాలా ఫైళ్లు పంపేటప్పుడు, వాటిని ఒకే మూటగా కట్టి తాళం వేసే 7-జిప్ సాఫ్ట్‌వేర్ మంచిది. ఫార్మాట్ '7జెడ్' పెట్టి, 'ఎన్‌క్రిప్ట్ ఫైల్ నేమ్స్'లో టిక్కు పెట్టండి. జిప్ ఫార్మాట్ ఎంచుకుంటే పేర్లు దాచే వీలుండదు. అక్కడ 'జిప్‌క్రిప్టో' అని ఉంటే అది బలహీనమైన పాతరకం, బలమైన ఏఈఎస్-256 పద్ధతికి మార్చాలి. పాస్‌వర్డును తెలుగు లిపిలో పెట్టాలన్న సరదా వద్దు. తెలుగు కీబోర్డులు కొన్ని పదాల మధ్య కంటికి కనబడని గుర్తును చొప్పిస్తాయి, ఇంకో కీబోర్డు చొప్పించదు. చూడటానికి అదే పదం, కంప్యూటరుకు వేరు. తెలుగు మాటలనే ఇంగ్లిషు అక్షరాల్లో, సంబంధంలేని అయిదారు కలిపి పెడితే బాగుంటుంది.

ప్రశ్న: జీమెయిల్ మెయిళ్లు ఎన్‌క్రిప్ట్ అవుతాయంటారుగా, మళ్లీ వేరే ఎందుకు? కాన్ఫిడెన్షియల్ మోడ్ చాలదా? థండర్‌బర్డ్ అనే మెయిల్ సాఫ్ట్‌వేర్‌లో ఓపెన్‌పీజీపీ ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నాక ల్యాప్‌టాప్ ఫార్మాట్ చేస్తే పాత మెయిళ్లు ఏవీ తెరుచుకోవడంలేదు. (ఇంజినీరింగ్ విద్యార్థి, విజయవాడ)

జీమెయిల్ చేసేది ఆర్టీసీ కార్గో తరహా. నెహ్రూ బస్టాండు నుంచి గుంటూరు బస్టాండు దాకా పార్సిల్ బస్సులో భద్రంగా వెళ్తుంది. రెండు కౌంటర్ల దగ్గరా మాత్రం విప్పి చూడగలిగేవాళ్లుంటారు. సర్వర్ల మధ్య దారి మూసి ఉంటుంది, సర్వర్లలో ఉన్నది గూగుల్ చదవగలదు. కాన్ఫిడెన్షియల్ మోడ్ ఫార్వర్డ్, కాపీ, ప్రింట్ బటన్లను తీసేస్తుంది, గడువు పెడుతుంది. అవతలివాళ్లు స్క్రీన్‌షాట్ తీస్తే ఆపలేదు, గూగుల్ చదవకుండానూ ఆపదు. మొదటినుంచి చివరిదాకా తాళం కావాలంటే కీ మీ చేతిలో ఉండాలి, ఆ కీ పోతే మీరూ బయటే. మీకు జరిగింది అదే.

పాత కీ బ్యాకప్ ఎక్కడైనా ఉంటే పాత మెయిళ్లు వస్తాయి, లేకపోతే రావు. పాత హార్డ్‌డిస్కు కాపీ ఉంటే అందులోని థండర్‌బర్డ్ ప్రొఫైల్ ఫోల్డరు వెతకండి, కీ అందులోనే ఉంటుంది.

కొత్తగా మొదలుపెట్టేటప్పుడు వరస ఇలా ఉండాలి. 'అకౌంట్ సెట్టింగ్స్'లో 'ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్', 'యాడ్ కీ', కొత్త ఓపెన్‌పీజీపీ కీ. గడువు 3 ఏళ్లు అని అదే చూపిస్తుంది, ఉంచేయండి. గడువు దగ్గరపడితే కొత్త కీ అక్కర్లేదు, ఉన్నదాని తేదీ పొడిగించి, పబ్లిక్ కీని స్నేహితులకు మళ్లీ పంపితే చాలు. కీ పుట్టిన నిమిషమే 'ఓపెన్‌పీజీపీ కీ మేనేజర్'లో ఫైల్ మెనూ నుంచి రహస్య కీ బ్యాకప్ తీసి, పాస్‌వర్డ్ పెట్టి, రెండు పెన్‌డ్రైవుల్లో వేసి, ఒకటి ఇంట్లో వదిలేయండి. ఆపైన థండర్‌బర్డ్‌కు 'ప్రైమరీ పాస్‌వర్డ్' పెట్టండి. అది లేకపోతే హాస్టల్లో మీ ల్యాప్‌టాప్ తెరిచిన ప్రతివాడికీ మీ కీ అందుబాటులో ఉన్నట్టే.

స్నేహితుడి పబ్లిక్ కీ వచ్చాక, 40 అక్షరాల ఫింగర్‌ప్రింట్‌ను ఫోన్లో చదివించుకుని సరిపోతేనే స్వయంగా సరిచూశానన్న గడి ఎంచుకోండి. మధ్యలో ఎవడైనా తన కీని స్నేహితుడి పేరుతో పంపితే పట్టుబడేది ఇక్కడే. ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ జీమెయిల్ వెబ్‌లో ఖాళీగా, ఓ ఫైలు జతచేసినట్టు కనిపిస్తుంది. లోపలి మాటలను జీమెయిల్ సెర్చ్ వెతకలేదు. సబ్జెక్టును థండర్‌బర్డ్ మూడు చుక్కలుగా దాస్తుంది గానీ ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారన్నది దాగదు. ఆండ్రాయిడ్ ఫోనులో చదవాలంటే థండర్‌బర్డ్ యాప్‌తోపాటు కీలు దాచే ఓపెన్‌కీచెయిన్ యాప్ కావాలి.

ఇంత తలనొప్పి ఎందుకంటారా? ఓపెన్‌పీజీపీకి మూలమైన పీజీపీ సాఫ్ట్‌వేర్ 1991లో వచ్చింది. 1999లో అమెరికాలో 12 మందికి ఆ సాఫ్ట్‌వేర్ ఇచ్చి 90 నిమిషాల్లో సంతకం చేసి, ఎన్‌క్రిప్ట్ చేసిన మెయిల్ పంపమంటే సరిగ్గా చేయగలిగింది మూడోవంతు మందే. బటన్లు అప్పటికంటే బాగుపడ్డాయి గానీ కీ దాచుకోవడం, ఎదుటివాడి కీ సరిచూడటం మనిషి నెత్తినే ఉండిపోయాయి. వాట్సాప్ 2016లో అందరికీ ఎన్‌క్రిప్షన్ తెచ్చింది ఆ రెండో పనిని కనబడకుండా తనే చేసేసి. సరిచూడాలనుకునేవాళ్ల కోసం సెక్యూరిటీ కోడును ఓ మూల ఉంచింది, దాన్ని తెరిచి చూసేవాళ్లు తక్కువ. ఇద్దరు స్నేహితుల కబుర్లకైతే అదే చాలు. ఓపెన్‌పీజీపీ, ఏళ్లతరబడి దాచుకోవాల్సిన ఉత్తరప్రత్యుత్తరాలు ఉన్నవాళ్లకు పెట్టుకోదగ్గది.

ప్రశ్న: ఒక కంపెనీ మెయిల్‌కు 'ఎస్‌మైమ్ డాట్ పీ7ఎస్' అని ఫైలు వచ్చింది. ఎంత నొక్కినా తెరుచుకోదు. వైరసా? (బ్రాడీపేట, గుంటూరు)

ఎస్‌మైమ్ అనే మెయిల్ సంతకం పద్ధతిలో పంపినవాళ్లు వేసిన సంతకం అది, తెరిచి చదివేది కాదు. థండర్‌బర్డ్‌లోనో అవుట్‌లుక్‌లోనో ఆ మెయిల్ చూస్తే ఫైలుకు బదులు సంతకం గుర్తు కనిపిస్తుంది, దానిమీద నొక్కితే సర్టిఫికెట్‌లో ఉన్న మెయిల్ అడ్రసు తెలుస్తుంది. ఆ అడ్రసు, పంపినవారి అడ్రసు ఒకటేనా అన్నదే చూడాలి. అదే పేరు చివర 'డాట్ జిప్', 'డాట్ ఈఎక్స్ఈ' లాంటి మరో తోక ఉంటే మాత్రం ముట్టుకోకుండా తీసేయండి.